పిడికెడు మట్టికి సీటు బెల్టు

దయ్యాలున్నాయని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. శ్మశానం పక్కనే ఉన్న సజ్జచేనికి ఏళ్ళ తరబడి ఒంటరిగా కావలి పడుకున్నవాణ్ణి నేను. ఏదీ నా కంటపడలేదు, ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. దయ్యాల సంగతి సరే, దేవుళ్ళతో కూడా నాకు పెద్ద రాకపోకలు లేవు. మా ఆవిడ రంగమ్మ గుడి లోపలికి పోతే నేను బయట చెప్పులకు కాపలా.

అలాంటివాడికే ఇది జరిగింది. ఇంకెవరికైనా జరిగి ఉంటే హాయిగా వెక్కిరించి ఊరుకునేవాణ్ణి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఏ సంగతి చెప్పినా నేను కొంచెం ఉప్పూ కారం ఎక్కువ వేస్తానని ఊరంతా అంటుంది. నిజమే. ఈసారి ఎక్కడ చెయ్యి జారినా అక్కడికక్కడే ఒప్పుకుంటాను. తీసేయవలసినవి తీసేశాక మిగిలింది మాత్రం జరిగింది జరిగినట్టే.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా తాతల నాటి నుంచీ అంతే. పోయిన ఏడు కొత్త కారు కొన్నాను. పాత కారు పాపం నోరులేని జీవం, ఎక్కి కూర్చుంటే పోయేది. దీనికి నోరుంది.

బెల్టు పెట్టుకోకుండా కదిలించామా, మొదలు. టింగు, టింగు, టింగు. ముందు మెల్లగా గునుస్తుంది. తర్వాత గట్టిగా అడుగుతుంది. ఆ తర్వాత కొంప తగలబడుతున్నట్టు అరుస్తుంది. ఎదురుగా ఒక ఎర్ర దీపం, అందులో బెల్టు కట్టుకున్న ఒక బుద్ధిమంతుడి బొమ్మ. ఆ మోత సాత్తూరు దాకా వినబడేది. సరే, ఒప్పుకుంటాను. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి దాకా వినబడేది. ఆ ఇస్త్రీ అతను రోజూ నన్ను ఆపి, బండి ఎందుకు ఏడుస్తోందని అడిగేవాడు.

నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. కారు నాది, పెట్రోలు నాది, పొట్ట నాది. ఆ పొట్ట మీద అడ్డంగా పట్టా కట్టుకోమని నన్ను శాసించడానికి అదెవరు? అమ్మిన కుర్రవాణ్ణి అడిగితే, మీ ప్రాణానికి మంచిదే కద సార్ అన్నాడు. నా ప్రాణం మీద నా పెళ్ళానికి లేని దిగులు దానికెందుకు? మోత ఆపేసే మీట ఎక్కడుందని అడిగాను. అలాంటిది ఉండదట. ఇంట్లో గోడకున్న గంటకు కూడా మీట ఉంటుంది, దీనికి ఉండదట!

బస్టాండు దగ్గర కారు సామాన్ల కొట్లో దీనికి మందు దొరికింది. బెల్టు చివర ఉండే ఇనుప నాలుక ఉంటుంది కదా, ఆ నాలుకనొక్కదాన్నే విడిగా అమ్ముతారు. దాన్ని తాళంలో దూరిస్తే చాలు, బెల్టు పెట్టుకున్నామని కారు మోసపోయి నోరు మూసుకుంటుంది. రెండు కొన్నాను. ఒకటి నా పక్క, ఒకటి ఎడమ పక్క సీటుకి. ఆ సీటు కింద బరువు కనిపెట్టే పరికరం ఏదో ఉంది. మినుముల మూట పెట్టినా మనిషనుకొని అరిచేది. అందుకే రెండోది.

అది తప్పు మామా, పోలీసులు పట్టుకుంటారు అన్నాడు మా అల్లుడు. అల్లుడికి చెప్పవలసింది చెప్పాను. వారం రోజులు మా ఇంటికి రాలేదు.

రంగమ్మ మాత్రం ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. బుద్ధిగా బెల్టు పెట్టుకుంటుంది. ముందు కూర్చుంటే నేను నడిపేది కంటబడుతుందట, అంత ధైర్యం తనకు లేదట.

ఇక మా తమ్ముడి సంగతి. వాడికి బారసాల పేరు వేరే ఉంది గానీ మా ఇంట్లో వాడు చిన్నోడు. విరుదునగర్‌లో పప్పుల వ్యాపారం. కొడుక్కి తమిళ పిల్లను చేసుకున్నాడు. మంచి పిల్ల, మామను కన్నతండ్రిలా చూసుకుంటుంది. కానీ ఆ ఇంట్లో తెలుగు మెల్లమెల్లగా అడుగంటింది. చివరికి నేనూ వాడూ ఫోన్లో మాట్లాడుకున్నా తమిళమే. మాకు తగాదా ఏమీ లేదు. మాటలు తగ్గాయి, అంతే.

వాడికి గుండెలో కవాటం చెడింది. మదురైలో ఆపరేషను. డాక్టరు ఇంక ఆగకూడదన్నాడు. అంతా సిద్ధం చేసుకున్నాక వీడు మొండికేశాడు. ఫోను చేసి, "అచ్చమ్మ మన్ను ఇంటికి రాకుండా నేను ఆసుపత్రి మెట్టు ఎక్కను అన్నా" అన్నాడు, తమిళంలోనే.

అచ్చమ్మ మా ఇంటి పేరంటాలు. మావాళ్ళు ఉత్తరాన తెలుగు సీమ నుంచి ఈ రేగడి నేలకు నడుచుకుంటూ వచ్చిన కాలంలో, ఆ గుంపులో ఒకామె. చంకలో బిడ్డ, నెత్తిన విత్తనాల మూట. వచ్చిన ఏడే కన్నుమూసింది. పుదూరు దారిలో, మా పాత చేను గట్టున, జమ్మిచెట్టు కింద ఒక రాయి. అదే ఆమె. ఎవరైనా ఊరు మారి ఇల్లు కట్టుకుంటే ఆ రాయి మొదట్లో నుంచి పిడికెడు మట్టి తీసుకుపోయి ఇంట్లో పెట్టుకుంటారు. దాన్ని పిడిమన్ను అంటాం. మన్నుతో పాటు ఆమె వస్తుందని లెక్క.

దానికి కొన్ని పద్ధతులున్నాయి. మన్ను ఇంటి పెద్దవాడే తియ్యాలి. దారిలో నేల మీద దించకూడదు. ఆ ఇంటి రక్తమే ముట్టాలి, కోడళ్ళు ముట్టరాదు. వంకో ఏరో దాటితే ఆమెకు చెప్పి దాటాలి. గడప దగ్గర పెద్దవాడే ఆమెను లోపలికి పిలవాలి.

ఇంటి పెద్దవాణ్ణి నేనే. నాకు కోపం రాదూ? నమ్మకం లేనివాడి చేతే మోయించాలా ఇదంతా? రొమ్ము కోసేది డాక్టరు గానీ మట్టి కాదు కదా అని అరిచాను. వాడు ఫోను పెట్టేశాడు. వెంటనే కోడలు చేసింది. ఏడుపు గొంతు. "పెద్దమామా, మీరు తెచ్చిస్తేనే ఆయన రేపు పొద్దున బయలుదేరతారట. లేకపోతే రారట. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఇంక ఏమంటాను? చొక్కా వేసుకున్నాను.

ఎండ ముదరకముందే పోయి మన్ను తీశాం. పసుపు నీళ్ళలో ముంచిన కొత్త గుడ్డలో మూట కట్టాను. నా చేతిలో స్టీరింగు ఉండాలి, రంగమ్మ ముట్టకూడదు, నేల మీద పెట్టకూడదు. కాబట్టి పక్క సీటు మీద కొత్త తువ్వాలు మడిచి వేసి దాని మీద పెట్టాను. రంగమ్మ వెనక కూర్చొని బెల్టు పెట్టుకుంది. కారు కదిలించాను.

టింగు, టింగు, టింగు.

నా పక్క దీపం కాదు. ఎడమ పక్క సీటు దీపం. ఇనుప నాలుక తాళంలో దూరి ఉంది, చేత్తో తడిమి చూశాను. పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను. అరుపు ఆగలేదు. మూటను చేతిలోకి తీసుకున్నాను. ఆగింది. సీటు మీద పెట్టాను. మొదలు. తీశాను, ఆగింది. పెట్టాను, మొదలు.

మూట తిరగలి రాయంత బరువెక్కిపోయింది, నా చెయ్యి లేవలేదు అని మా బంధువులకు చెప్పాను. అది అబద్ధం. పిడికెడు మట్టి ఎంత ఉంటుందో అంతే ఉంది. అందుకే కదా నాకు ఒళ్ళు మండింది! మినుముల మూట పెడితే అరిచే కారు, కొబ్బరికాయ కంటే తేలికైన మూటను చూసి ఎందుకు అరుస్తుంది? పైగా తాళంలో నాలుక ఉండగా?

కారును తిట్టాను. చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి తిట్టాను. వెనక నుంచి రంగమ్మ ఏమీ తొణకలేదు.

"బెల్టు వెయ్యి."

"ఎవురికి?"

"ఎవురు కూసోనుండారో వాళ్ళకి."

"మట్టికా?"

"నీకు మట్టి. దానికి మనిషి మాదిరి అగపడతా ఉండాదేమో. వేస్తే నీ సొమ్మేం పోయె?"

ఇక్కడ బెల్టు తనంతట తానే పాములా పాకి వచ్చి మూట మీద పడి తాళంలో దూరిందని ఒకరిద్దరికి చెప్పాను. లేదు. నేనే లాగాను, నేనే పెట్టాను, పళ్ళు కొరుకుతూ పెట్టాను. ఇనుప నాలుక పీకి అసలు బెల్టు గుచ్చగానే ఎర్ర దీపం ఆరిపోయింది. ఆ తర్వాత విరుదునగర్ దాకా చిన్న చప్పుడు కూడా లేదు.

సాత్తూరు దగ్గర వైప్పారు వంతెన ఎక్కగానే రంగమ్మ ముందు సీటు వైపు వంగి, "ఏరు దాటుతా ఉండాము, పైలంగా రా అమ్మా" అంది.

"ఏరు యాడుండాది? అంతా ఇసుకే కదా" అన్నాను.

"నువ్వు రోడ్డు చూడు."

తమ్ముడి ఇల్లు ఇరుకు వీధిలో ఉంది. ఎత్తైన అరుగు, నిలువు మెట్లు. గుమ్మం ముందు కోడలు హారతి పళ్ళెంతో నిలబడింది. ఆమె తల్లిదండ్రులు, ఇరుగుపొరుగు, అందరూ తమిళులే. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కులవ పెట్టారు, శుభానికి పెట్టే కూత అది. మూటను రెండు చేతుల్లో పట్టుకొని గడప ముందు నిలబడ్డాను. ఇప్పుడు నేను ఆమెను పిలవాలి. అందరి కళ్ళూ నా నోటి మీదే.

నాకు సిగ్గేసింది. డెబ్బై దాటినవాణ్ణి, మూటతో మాట్లాడుతూ వీధిలో నిలబడితే ఎలా ఉంటుంది? ఏదో ఒకటి తొందరగా అనేసి లోపలికి పోవాలనిపించింది. "వాంగమ్మా, ఉళ్ళే వాంగ" అన్నాను. రండమ్మా, లోపలికి రండి అని. అందరూ మెచ్చుకున్నారు. వియ్యంకుడు చేతులు జోడించాడు.

చిన్నోడు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. మూటను గుండెకు హత్తుకొని, విభూతి పెట్టుకొని, దేవుడి గూట్లో పెట్టించాడు. కాఫీ తాగుతుంటే వాడు గూటి వైపే చూస్తున్నాడు.

"అన్నా, దిగిందంటావా?" తమిళంలోనే అడిగాడు.

"దిగకేం? నిద్రపోయి స్టాపు దాటిపోవడానికి ఆమె బస్సులో వచ్చిందా?" అని కసిరాను.

వాడు నవ్వలేదు. ఎప్పుడూ నా మాటలకు మొదట నవ్వేవాడు వాడే.

మధ్యాహ్నం భోంచేసి బయలుదేరాం. పక్క సీటు ఖాళీ. తువ్వాలు కూడా వాళ్ళింట్లోనే వదిలేశాం. ఇనుప నాలుకను మళ్ళీ తాళంలో గుచ్చాను. ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కామో లేదో, టింగు.

పక్క సీటు దీపం.

రోడ్డు పక్కన ఆపాను. పట్టపగలు, మిట్టమధ్యాహ్నపు ఎండ, పక్కనే లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆ రోడ్డు మీద ఒక్క పురుగు లేదు, నిశ్శబ్దం అని నేను ఎక్కడైనా చెప్పి ఉంటే నమ్మకండి. సీటును చేత్తో రాసి చూశాను. కింద చూశాను. నాలుక తీశాను, పెట్టాను. అరుస్తూనే ఉంది. సీటు మీద ఈగ కూడా లేదు. నేను దిగి ఆ పక్కకు పోయి తలుపు తీసి, ఇంకేం కావాలే నీకు అని గట్టిగా అరిచాను. కారును అన్నానో, ఎవరిని అన్నానో నాకే తెలియదు.

రంగమ్మ తన పక్క కిటికీ అద్దం దించింది. తర్వాత మెల్లగా అంది.

"నువ్వు ఆమెని అరవంలో పిలిస్తివి."

"అయితే?"

"ఆమెకి అరవం ఎవురు నేర్పిరి? వచ్చిన ఏడే పోయె కదా. ఎవురో అరవాయన ఎవుర్నో పిలస్తా ఉండాడనుకొని గమ్మున కూసోనుంటాది. మనింటి మాట ఒకటి చెవిని పడితే కదా దిగేది?"

ఇది వేరే ఎవరైనా చెబితే నేను కడుపు పట్టుకొని నవ్వేవాణ్ణి. నవ్వు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ మంటలో ఒక సంగతి తేటగా కనబడింది. నేను నమ్మను, సరే. కానీ వాడు నమ్ముతాడు. రేపు పొద్దున వాడు మదురై పోయి ఆ బల్ల మీద పడుకొని రొమ్ము అప్పగించేది ఇంట్లో ఆమె ఉందన్న ధైర్యంతో. నేను తెచ్చి దించానన్న నమ్మకంతో. ఆమె చూస్తే నా కార్లో తిరిగి కోవిల్‌పట్టికి వస్తోంది. వాడికి ఏదైనా అయితే?

"నమ్మనోడివి కదా, పోనీ ఇంటికి" అంది రంగమ్మ. ఆ గొంతులో వెటకారం నాకు తెలుసు.

కారు నా మాట వినకుండా తనంతట తానే వెనక్కి తిరిగిందని మా టీకొట్లో చెప్పిన మాట వాస్తవం. అది శుద్ధ అబద్ధం. ఖాళీ సీటుకు బెల్టు పెట్టింది నేనే. మలుపు దాకా పోయి, లైటు వేసి, అద్దంలో చూసుకొని మరీ తిప్పింది నేనే. బెల్టు పెట్టాక కారు మళ్ళీ నోరెత్తలేదు.

వీధిలోకి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. ఇంటి ముందు ఆపగానే నా వెనకే ఒక సరుకుల వ్యాను వచ్చి నిలబడింది. వాడు పోవడానికి సందు లేదు, నేను దిగడానికి వీల్లేదు. హారను మీద హారను. ఇంట్లో వాళ్ళు ఆసుపత్రికి సామాను సర్దుతున్నట్టున్నారు, టీవీ మోగుతోంది, ఎవరూ పలకలేదు. చిన్నోడే బయటికి వచ్చాడు. నడవకూడదన్న మనిషి, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ పట్టుకొని మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చాడు. ఆయాసం.

"ఏం మరిచిపోయావన్నా?" అన్నాడు తమిళంలో.

"నేను కాదు రా. ఈమె దిగలే" అన్నాను.

ఆ మాట తెలుగులో వచ్చింది. వాడితో తెలుగులో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నాకే కొత్తగా వినబడింది. వాడు ఆ ఖాళీ సీటు వైపు చూశాడు, దాని మీద అడ్డంగా ఉన్న బెల్టు వైపు చూశాడు. నాకు పిచ్చి పట్టిందనలేదు. నేను బెల్టు విప్పాను. కారు వెంటనే అరవడం మొదలుపెట్టింది. వెనక వ్యాను, పక్కన కారు. నాకు తిక్కరేగింది. ఆ సీటును చూసి నోటికొచ్చినట్టు అరిచాను.

"దిగు తల్లీ! మా తాత నిన్ను నెత్తిన మోసె, మా నాయన చేతిలో మోసె, నేను పెట్రోలు పోసి మోస్తా ఉండాను. అరవంలో పిలిచింది నా తప్పే. దానికని ఇట్ల సాధిస్తావా? వెనక బండోడు అరస్తా ఉండాడు, ముందర నువ్వు అరస్తా ఉండావు. ఈడు చూడు, నిలబల్లేకుండా ఉండాడు. నా మీద కోవం నా మీద చూపించు. దిగి వాడితో పో!"

ఆగలేదు. టింగు, టింగు, టింగు.

చిన్నోడు తలుపు తీశాడు. కర్రను కారుకు ఆనించి, తలుపు పట్టుకొని వంగాడు.

"అమ్మా, నేను చిన్నోన్ని" అన్నాడు. మా అమ్మతో మాట్లాడే తెలుగు అది. "నాకు బయంగా ఉండాది. రా."

మోత ఆగిపోయింది. దీపం ఆరిపోయింది. అప్పుడు తాళంలో ఏమీ లేదు. బెల్టు పక్కన వేలాడుతోంది, ఇనుప నాలుక నా ఒళ్ళో ఉంది.

ఆ క్షణంలో కారంతా పూల వాసన కమ్మిందని చెప్పుకున్నాను. కమ్మింది. మధ్యాహ్నం కోడలు రంగమ్మకిచ్చిన లిల్లీపూల మాల వెనక సీట్లోనే ఉంది. దాన్ని లెక్కలో వేసుకోకండి.

చిన్నోడు తలుపు వేసి నాకు చెయ్యి ఊపాడు. వ్యానువాడు దిగి కొట్టడానికి వచ్చేలా ఉన్నాడు. నేను ముందుకు పోనిచ్చాను. వీధి చివర మలుపు తిరిగి, అటు నుంచి అటే పెద్ద రోడ్డెక్కి ఇంటికి వచ్చేశాం. అద్దంలో నాకు వ్యాను ముఖం తప్ప ఏమీ కనబడలేదు. దారిలో కారు మాట్లాడలేదు.

పొద్దున్నే వాడు మదురై పోయాడు. ఒక్క మాట అడ్డం చెప్పలేదట. డాక్టరు కవాటం మార్చాడు. నేను ఆసుపత్రి వసారాలో కనిపించిన వాళ్ళందరితో పోట్లాడుతూ కూర్చున్నాను. వాడు బతికాడు. ఇప్పుడు కొట్టుకు కూడా పోతున్నాడు.

కారును కంపెనీ షెడ్డుకు తీసుకుపోయాను. కంప్యూటరు తగిలించి చూశారు. సీటులో లోపం లేదు, లోపం వచ్చిన జాడ కూడా లేదన్నారు. తేమ అయి ఉండొచ్చన్నాడు ఒకడు. ఈ రేగడి సీమలో, ఆ ఎండలో, తేమ! వాడి మీదా అరిచాను. తర్వాత ఇనుప నాలుక పీకేసి నేనే పరీక్ష పెట్టాను. ఆ సీటు మీద కొబ్బరికాయలు పెట్టాను, గుమ్మడికాయ పెట్టాను, నీళ్ళ చెంబు పెట్టాను. నోరెత్తలేదు. మా పాత చేలోంచి పిడికెడు మట్టి తెచ్చి అలాగే గుడ్డలో కట్టి పెట్టాను. దానికీ నోరెత్తలేదు. మినుముల మూట పెడితే అరిచింది. అంటే పరికరం బాగానే ఉంది. నా పక్క తాళంలో ఇనుప నాలుక ఇప్పటికీ ఉంది, నేను లొంగలేదు. ఆ పక్కది మాత్రం తీసేశాను.

ఇంతవరకైతే ఏదో తీగ రాసుకుందిలే అని నేను కూడా సర్దుకునేవాణ్ణి. ఎంతమంది ఇంజనీర్లు చెప్పినా నోరు మూసుకొని వినేవాణ్ణి.

మొన్న చిన్నోడి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఇప్పుడు మేం తెలుగే మాట్లాడుకుంటున్నాం. కోడలు కూడా రెండు మూడు మాటలు పట్టింది. ఏదో మాట మధ్యలో వాడు అన్నాడు.

"అన్నా, ఆ పొద్దు నన్ను మెట్లెక్కించిందానికి నీకు ఒక మాట కూడా చెప్పలేదు నేను."

నేను వాడి వైపు చూశాను.

"కర్ర మీ బండికి ఆనించిందాన్ని మరిచిపోతిని. నువ్వు పోతానే అది దబ్బని పడె. వంగి తీసుకోలేను, ఎక్కలేను. పడిపోతాననుకుంటిని. అంతలో బండి యాడో ఆపి వెనక నుంచి వచ్చి మోచెయ్యి పట్టుకుంటివి చూడు. ఒక్కొక్క మెట్టుకీ నిదానం నాయనా, నిదానం నాయనా అంటా ఎక్కిస్తివి. నన్ను నాయనా అని పిలిచి ఎన్నేండ్లాయె. ఆ మాటకే నాకు దైర్యం వచ్చె అన్నా. గడప దాటి తిరిగి చూసేసరికి నువ్వు లేవు."

కోడలు అవునంది. ఆయన కర్ర లేకుండా నిటారుగా లోపలికి వచ్చారు మామా, మీరే తోడు వచ్చారన్నారు. కర్ర తర్వాత వీధిలో దొరికింది అంది.

ఆ రోజు వాడు తలుపు వేశాక నా చేతులు స్టీరింగు మీద నుంచి కదలలేదు. రెండోసారి పోయినప్పుడు ఆ ఇంటి ముందు నేను కారు దిగనేలేదు. రంగమ్మ వెనక సీట్లో బెల్టుతో ఉంది. వాడు పుట్టినప్పటి నుంచీ వాణ్ణి ఒరే అన్నానే గానీ నాయనా అని ఏనాడూ పిలవలేదు.

వాడు నా ముఖంలోకే చూస్తున్నాడు.

"నేనే రా. నేను కాకుండా ఎవురు?" అన్నాను.

ఈ మొత్తంలో నేను ఇంకా వెనక్కి తీసుకోని అబద్ధం అదొక్కటే. ఎవరు పట్టుకున్నారో నాకు తెలియదు. ఎంత తిట్టుకున్నా, ఎంత ఆలోచించినా తెలియడం లేదు. వాడికి ఈ జన్మలో చెప్పను కూడా. మిరప వ్యాపారం మీద కొన్నేళ్ళు గుంటూరులో ఉండటం వల్ల నాకు తెలుగు అక్షరాలు పట్టుబడ్డాయి. వాడికి మాట వస్తుంది గానీ చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాశాను.